చేయి చాచిన మనిషి ముందు మనం



ఈ ప్రసంగంలో మనం మాట్లాడుకోబోయే విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. వీధిలో ఎవరైనా చేయి చాచి అడిగినప్పుడు డబ్బు ఇవ్వాలా, వద్దా? ప్రశ్న ఇంతే. దీనికి జవాబు కోసం మనలో ఎవరూ పుస్తకాలు తిరగేయరు. కూడలిలో ఎర్రదీపం పచ్చదీపంగా మారేలోపు, రైలు కదిలేలోపు, గుడి మెట్లు దిగేలోపు జవాబు చెప్పేస్తాం. కొందరు జేబులో చేయి పెడతారు. కొందరు తల అడ్డంగా ఊపుతారు. చాలామంది చూపు తిప్పుకొని సెల్‌ఫోను చూసుకుంటారు.

ఆ క్షణం దాటిపోయాక మాత్రం మనసులో ఏదో ఒకటి మిగులుతుంది. ఇచ్చినవారికి 'మోసపోయానేమో' అనే అనుమానం. ఇవ్వనివారికి 'నిజంగానే ఆకలితో ఉన్నాడేమో' అనే బాధ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచి చూడటమే ఈ ప్రసంగం ఉద్దేశం. ఇవ్వండి అనో, ఇవ్వకండి అనో మీకు ఆజ్ఞ వేయడం కాదు. నిర్ణయం మీదే. అయితే ఆ నిర్ణయానికి ఒక కొలబద్ద ఉండాలి. అది ఏమిటో క్రమంగా చూద్దాం.

మాటల్లో ఉన్న మనసు

ముందుగా మన మాటలను గమనించండి. ఒకే పనికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. సన్యాసి అడిగితే భిక్ష. చదువుకునే బ్రహ్మచారి అడిగితే మధుకరం. బ్రాహ్మణుడు బియ్యం కోసం ఇంటింటికీ వెళితే యాయవారం. గుడి ముందు కూర్చున్న ముసలమ్మ అడిగితే బిచ్చం. విసుగొచ్చినప్పుడు అదే ముష్టి. నిజానికి ముష్టి అంటే పిడికిలి. పిడికెడు గింజలని అర్థం. ఆ పిడికెడు గింజల మాట కాలక్రమంలో తిట్టుగా మారింది. 'ముష్టి జీతం', 'ముష్టి పది రూపాయలు' అని మనం అంటున్నామంటే, చేయి చాచే మనిషి మీద మనకున్న చిన్నచూపు ఆ మాటలోకి చేరిపోయిందన్నమాట.

అడిగేవారు వాడే మాట వేరు. 'ధర్మం చేయండి బాబూ' అంటారు. ఆ మాటలో ఒక వాదన ఉంది. ఇవ్వడం మీ దయ కాదు, మీరు చేయవలసిన పని అని దాని అర్థం. మనం చెప్పే జవాబుల్లోనూ రకరకాల వైఖరులున్నాయి. 'చెయ్యి ఖాళీ లేదు, మళ్ళీ రా' అనడంలో మర్యాద ఉంది. 'పైకెళ్ళు' అనడంలో విసుగు ఉంది. 'దుక్కలా ఉన్నావు, పని చేసుకుని బతకలేవా?' అనడంలో తీర్పు ఉంది. విచారణ లేకుండానే ఇచ్చిన తీర్పు.

సంప్రదాయం ఏం చెప్పింది?

ఈ దేశంలో పుట్టిన మతాలూ, బయటి నుంచి వచ్చిన మతాలూ దానాన్ని గొప్ప విలువగానే చెప్పాయి. బౌద్ధ భిక్షువు భిక్షాపాత్రతో ఊళ్ళోకి వచ్చేవాడు. సిక్కుల గురుద్వారాల్లో నడిచే లంగరులో ఎవరు వచ్చినా ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెడతారు. ఇస్లాంలో స్థోమత ఉన్నవారు తమ సంపద నుంచి సాధారణంగా నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వాలి. అది ఎవరెవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా చెప్పి, నిరుపేదలను, అవసరంలో ఉన్నవారిని ముందు పెట్టారు.

హిందూ సంప్రదాయం నుంచి మనకు బాగా గుర్తున్న మాట 'అపాత్రదానం'. భగవద్గీత 17వ అధ్యాయం దానాన్ని మూడు రకాలుగా విభజిస్తుంది. తగని చోట, తగని కాలంలో, తగనివారికి ఇచ్చేది తామస దానమని చెబుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. అదే శ్లోకంలోని మిగిలిన భాగాన్ని మాత్రం మరచిపోతాం. ఆదరం లేకుండా, అవమానిస్తూ ఇచ్చేది కూడా తామస దానమేనని అక్కడే ఉంది. అంటే పరీక్ష పుచ్చుకునేవాడికి మాత్రమే కాదు, ఇచ్చేవాడికి కూడా.

తెలుగునేల మీద ఈ రెండు ధోరణులూ కలిసి నడిచాయి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా కాదనకుండా అన్నం పెట్టిన ఇల్లాలుగా పేరు పొందారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆకలిగొన్నవాడి ఆకలే అతని అర్హత అనే ధోరణి ఇది. మరోవైపు, వారాలు చెప్పుకొని చదువుకున్న పేద విద్యార్థులున్నారు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. ఆ పిల్లవాడు ఎవరి అబ్బాయో, ఏం చదువుతున్నాడో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు. సంక్రాంతి నెలలో ఇంటి ముందుకు వచ్చే హరిదాసు, గంగిరెద్దులవాడు కూడా ఏటా వచ్చే మనుషులే. ఇది ఎరిగి ఇచ్చే ధోరణి. ఆ ఎరుకకు కులం గీసిన హద్దులుండేవన్నది కూడా మనం మరచిపోకూడదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పాత్రత చూసి ఇవ్వాలన్న సూత్రం, ఒకరినొకరు ఎరిగిన ఊళ్ళో పనికొచ్చింది. నగరంలో కూడలి దగ్గర నిలబడ్డ మనిషి గురించి మనకు ముఖం తప్ప మరేమీ తెలియదు. తెలుసుకునే వ్యవధి కూడా లేదు. సూత్రం మిగిలింది, దాన్ని అమలు చేసే సాధనం పోయింది. ఆ ఖాళీలోకి అనుమానం వచ్చి కూర్చుంది.

ఎవరు అడుగుతున్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో యాచకులు, దేశదిమ్మరులు అనే వర్గం కింద నమోదైనవారు 4,13,670 మంది. వారిలో పురుషులు 2,21,673 మంది, స్త్రీలు 1,91,997 మంది. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్‌లో, తర్వాత ఉత్తరప్రదేశ్‌లో ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 30,218 మంది. ఇల్లూ వాకిలీ లేనివారిని లెక్కించడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు. కనుక ఈ అంకెలను కనీస అంచనాగా తీసుకోవాలి. అయినా ఒక విషయం తెలుస్తుంది. 120 కోట్లు దాటిన జనాభాలో ఇది చాలా చిన్న భాగం. దేశంలో పేదరికంలో ఉన్నవారిలో అత్యధికులు ఎవరి ముందూ చేయి చాచడం లేదు. కూలి పనికి పోతున్నారు, చెత్త ఏరుతున్నారు, తోపుడు బండి నెడుతున్నారు. చేయి చాచడం చాలామందికి మొదటి మార్గం కాదు, ఆఖరి మార్గం.

2006లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పులో, మనుషులు ఎందుకు అడుక్కుంటారో నాలుగు కారణాలుగా విడదీసి చెప్పింది. ఒకటి, పని చేయడానికి బద్ధకం. రెండు, మద్యానికో మత్తుమందుకో బానిస కావడం. మూడు, ఏదో ముఠా చేతిలో చిక్కుకోవడం. నాలుగు, ఆకలి, నిలువ నీడ లేకపోవడం, నిస్సహాయత. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టరాదని ఆ తీర్పు సారాంశం. కోర్టు ముందు సాక్ష్యాలుంటాయి, వాదనలుంటాయి, వాయిదాలుంటాయి. మన దగ్గర ఉన్నది అర నిమిషం. ఆ అర నిమిషంలో మనం అతన్ని మొదటి మూడు గదుల్లో ఏదో ఒక దానిలోకి తోసేసి ముందుకు సాగుతుంటాం.

మనం తరచుగా వినే మూడు మాటలు

మొదటి మాట: 'ఇస్తే తాగేస్తారు.' కొందరు తాగుతారు, కాదనలేం. అయితే పేదవారి చేతికి డబ్బు వస్తే అది తాగుడుకే పోతుందా అన్న ప్రశ్న మీద గట్టి పరిశోధనే జరిగింది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో వివిధ దేశాలకు చెందిన 19 అధ్యయనాలను పరిశీలించి, పేద కుటుంబాలకు నగదు ఇచ్చిన చోట్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగినట్లు సాధారణంగా కనిపించలేదని తేల్చారు. మన దేశంలోనే మధ్యప్రదేశ్‌లో 2011–12లో 'సేవ' మహిళా సంఘం, యునిసెఫ్ సహకారంతో కొన్ని గ్రామాల్లో అందరికీ నెలనెలా కొంత నగదు ఇచ్చి చూసింది. అక్కడా డబ్బు తిండికి, పిల్లల చదువుకు, వైద్యానికి వెళ్ళినట్లు తేలింది తప్ప తాగుడు పెరగలేదు. ఇవి ఇల్లున్న పేదల మీద జరిగిన అధ్యయనాలు. వీధిలో ఉన్న ప్రతి మనిషికీ వీటిని యథాతథంగా అన్వయించలేం. కాని 'పేదవాడి చేతిలో డబ్బు నిలవదు' అన్న మన నమ్మకానికి ఆధారం ఎంత బలహీనమో ఇవి చెబుతాయి.

రెండో మాట: 'పని చేసుకోవచ్చు కదా.' నిజమే, పని కన్నా గౌరవమైనది లేదు. అయితే పని ఇచ్చేవారు ఎవరు? చిరునామా లేని మనిషికి, గుర్తింపు కార్డు లేని మనిషికి, స్నానం చేసే చోటు కూడా లేని మనిషికి రేపు ఉదయం మీ ఇంట్లోనో దుకాణంలోనో పని ఇస్తారా? ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయమే తీసుకోండి. కూడళ్ళలో వారు అడగడం మనకు అలవాటైన దృశ్యం. పని ఇచ్చేవారు లేక చాలామంది ఆ దారి పట్టారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. తమవారు చేయి చాచే కూడళ్ళలోనే వారు వాహనాలను నియంత్రించే బాధ్యతలోకి వచ్చారు. ఒక తలుపు తెరవగానే పని చేసే మనుషులు ముందుకు వచ్చారు.

మూడో మాట: 'వీళ్ళ వెనక ముఠాలుంటాయి.' ముఠాలు లేవని ఎవరూ అనరు. ఉన్నాయి కనుకే వాటిని శిక్షించే చట్టాలున్నాయి. కాని ఈ మాటను మనం వాడే తీరు చూడండి. ముఠా చేతిలో చిక్కిన మనిషి బాధితుడు. బాధితుడని తెలిసిన వెంటనే మనలో సాయం చేయాలన్న ఆలోచన పుట్టాలి. అలా కాకుండా, ముఠా మాట గుర్తుకు రాగానే మనకు ఊరట కలుగుతుంది. ఇవ్వనవసరం లేదని నిశ్చింతగా ఉంటాం. అనుమానం నిజమైతే పోలీసులకు చెప్పాలి. చెప్పే ఉద్దేశం లేనప్పుడు ఆ అనుమానం మన చూపు తిప్పుకోవడానికి ఒక సాకు మాత్రమే.

రెండు పొరపాట్లు

ఇప్పుడు మన కొలబద్ద దగ్గరకు వద్దాం. ఎదుటి మనిషి గురించి నిజం తెలియనప్పుడు మనం రెండు రకాల పొరపాట్లు చేయగలం. మొదటిది, అవసరం లేనివాడికి ఇవ్వడం. రెండోది, అవసరం ఉన్నవాడికి ఇవ్వకపోవడం. రెండింటినీ పూర్తిగా తప్పించుకునే మార్గం లేదు. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. బాగా జాగ్రత్తపడి ఎవరికీ ఇవ్వకపోతే మనం ఎన్నడూ మోసపోం; కాని ఆకలితో ఉన్న ప్రతి మనిషినీ ఖాళీ చేతులతో పంపిస్తాం. అడిగిన అందరికీ ఇస్తే ఆకలిగొన్నవాడెవడూ తప్పిపోడు. కాని కొన్నిసార్లు మోసపోతాం.

కాబట్టి అడగవలసిన ప్రశ్న 'ఇతను నిజమా, అబద్ధమా?' అన్నది కాదు. అది మనకు తెలియదు. అడగవలసిన ప్రశ్న ఇది: ఏ పొరపాటు ఖరీదు ఎక్కువ? ఆ ఖరీదు ఎవరు చెల్లిస్తారు?

ఒక వృద్ధురాలు మీ ముందు చేయి చాచింది. ఆమెకు నిజంగా అవసరం లేదనుకోండి. మీరు పది రూపాయలు ఇచ్చి పొరపాటు చేశారు. నష్టం పది రూపాయలు, భరించేది మీరు. ఆమెకు నిజంగా అవసరం ఉందనుకోండి. మీరు ఇవ్వకుండా పొరపాటు చేశారు. నష్టం ఒక పూట తిండి, భరించేది ఆమె. మొదటి పొరపాటు మీకు సాయంత్రానికి గుర్తుండదు. రెండోది ఆమెకు రాత్రంతా గుర్తుంటుంది. ఇలా తూచినప్పుడు వృద్ధుల విషయంలో, వికలాంగుల విషయంలో, జబ్బుతో ఉన్నవారి విషయంలో త్రాసు ఎటు మొగ్గుతుందో మీరే చెప్పగలరు.

ఆరోగ్యంగా కనిపించే పెద్దవారి విషయంలో త్రాసు అంత స్పష్టంగా మొగ్గకపోవచ్చు. ఎదుటి మనిషి మత్తులో ఉన్నాడని కళ్ళకు కనిపిస్తుంటే డబ్బు హాని చేయవచ్చు. అక్కడ తినడానికి ఏదైనా ఇవ్వడం మేలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మానసిక వ్యాధి, క్షయ, వినికిడి లోపం వంటివి దూరం నుంచి చూసేవారి కంటికి కనిపించవు. 'దుక్కలా ఉండటం' వైద్య పరీక్ష కాదు.

పిల్లల విషయం వేరు

ఇదే కొలబద్ద పిల్లల దగ్గరకు వచ్చేసరికి మరో జవాబు ఇస్తుంది. చాలామందికి ఇది మింగుడు పడదు. ఎందుకంటే పిల్లలను చూసినప్పుడే మన మనసు ఎక్కువగా కరుగుతుంది.

ఒక పిల్లవాడి చేతిలో మీరు నాణెం పెట్టారు. ఆ నాణెం చాలాసార్లు వాడి దగ్గర ఉండదు. ఎవరో పెద్దవారికి చేరుతుంది. వాడు కూడలిలో ఎంత సంపాదిస్తే, వాణ్ణి అక్కడే ఉంచాలన్న ఆశ ఆ పెద్దవారికి అంత పెరుగుతుంది. ఇక్కడ ఇవ్వడం అనే పొరపాటు ఖరీదు పది రూపాయలు కాదు. ఆ పిల్లవాడి బడి. దాన్ని చెల్లించేది మీరు కాదు, వాడు.

చట్టం కూడా పిల్లవాణ్ణి నేరస్థుడిగా చూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం అడుక్కునే పిల్లలను సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలుగా పరిగణిస్తుంది. పిల్లలతో బిచ్చమెత్తించేవారికి అయిదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. అందుకోసం పిల్లల అవయవాలను దెబ్బతీసినవారికి ఏడేళ్ళకు తగ్గకుండా పదేళ్ళ వరకు కఠిన శిక్ష, అయిదు లక్షల రూపాయల జరిమానా. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ బడిలో మధ్యాహ్నం అన్నం కూడా ఉంది.

అయితే 'పిల్లలకు ఇవ్వకూడదు' అని చదివి ఊరుకుంటే మళ్ళీ చూపు తిప్పుకోవడానికి మరో సాకు దొరికినట్లే. ఇవ్వకపోవడం సగం పని మాత్రమే. మిగతా సగం 1098 నంబరుకు ఫోను చేయడం. పిల్లల సహాయం కోసం ఉన్న నంబరు అది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ వయసు పిల్లలు, వెంట ఎవరున్నారు అన్న నాలుగు వివరాలు చెబితే చాలు. పిల్లవాడు ఆకలితో ఉన్నాడని అనిపిస్తే మీ ఎదురుగా తినగలిగేది ఇవ్వండి.

చట్టం చేసే పొరపాటు

మనం వ్యక్తులుగా చేసే పొరపాటు ఒక పూటతో పోతుంది. ప్రభుత్వం అదే పొరపాటు చేస్తే ఏమవుతుందో చూడండి.

మన దేశంలో భిక్షాటనను నేరంగా చూసిన చట్టాల్లో ప్రసిద్ధమైనది 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం. తర్వాత దాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేశారు. పలు రాష్ట్రాలు ఇటువంటి చట్టాలే చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చింది. బొంబాయి చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పాట పాడో, ఆట ఆడో, జోస్యం చెప్పో, ఏదైనా వస్తువు అమ్మజూపో బిచ్చం అడిగినా భిక్షాటనే. జీవనాధారం ఏదీ కనబడకుండా, అడుక్కుని బతుకుతున్నాడేమో అనిపించే స్థితిలో వీధిలో తిరిగినా భిక్షాటనే. అక్షరాలా తీసుకుంటే మన హరిదాసు, గంగిరెద్దులవాడు, సోది చెప్పే అమ్మ కూడా అందులోకి వస్తారు. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు నిర్బంధం. మళ్ళీ మళ్ళీ పట్టుబడితే పదేళ్ళ వరకు వెళ్ళవచ్చు. మన పొరపాటు ఖరీదు పది రూపాయలు; చట్టం పొరపాటు ఖరీదు ఒక మనిషి జీవితంలో కొన్నేళ్ళు.

2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు ఆ చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను ఢిల్లీకి సంబంధించి కొట్టివేసింది. ఇతరులతో బలవంతంగా బిచ్చమెత్తించేవారిని శిక్షించే సెక్షన్‌ను మాత్రం అలాగే ఉంచింది. ఈ తేడా గమనించదగినది. అడిగేవాడు వేరు, అడిగించేవాడు వేరు. 2019లో జమ్మూ కాశ్మీర్ హైకోర్టు అక్కడి చట్టాన్ని కొట్టివేసింది. 2021 జూలైలో వీధుల నుంచి యాచకులను తొలగించాలన్న అభ్యర్థన వచ్చినప్పుడు, ఇది సామాజిక, ఆర్థిక సమస్య అనీ, దీన్ని ఉన్నత వర్గాల దృష్టితో చూడలేమనీ సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2025 సెప్టెంబరులో, యాచకుల గృహాలు జైళ్ళలా ఉండరాదని, అందులో ఉన్నవారి గౌరవాన్ని కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వాలదేనని అదే న్యాయస్థానం చెప్పింది.

కోర్టులు ఒక దిశలో నడుస్తుంటే పరిపాలన కొన్నిసార్లు మరో దిశలో నడుస్తుంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వెలువడింది. యాచకులను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. తిండి, మంచం దొరికినవారు కొందరున్నారు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ మంచం వారికి అవసరమైనందుకు దొరికిందా, అతిథుల కంట పడకూడదనుకున్నందుకు దొరికిందా?

2025 జనవరి 1 నుంచి మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ జిల్లా యంత్రాంగం మరో అడుగు ముందుకు వేసింది. బిచ్చం అడిగేవారి మీదే కాక, ఇచ్చేవారి మీద కూడా కేసు పెడతామని ప్రకటించింది. పునరావాస కేంద్రాలకు పంపుతున్నామని అధికారులు వివరించారు. వారి ఉద్దేశాన్ని మనం అనుమానించనక్కరలేదు. కాని ఆలోచించండి. సాటి మనిషి చేతిలో పది రూపాయలు పెట్టడం పోలీసు కేసు కాదగిన పనేనా? పునరావాసం నిజంగా మంచిదైతే మనుషులు దాని దగ్గరకు తామే వస్తారు. ఇచ్చే చేతిని కట్టివేస్తే తప్ప అక్కడికి ఎవరూ రారనుకుంటే, లోపం ఇచ్చే చేతిలో ఉందా, పునరావాసంలో ఉందా?

నాణెం చేయలేని పని

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నాణెం ఇస్తే సమస్య తీరిపోతుందని మీరు అనుకోకూడదు. నాణెం ఒక పూటకు సరిపోతుంది. వేయి నాణేలు కలిసినా ఒక ఇల్లు కాదు, ఒక వైద్యం కాదు.

హైదరాబాద్ కూకట్‌పల్లిలో శివానంద పునరావాస గృహం ఉంది. 1958లో రాణి కుముదినీదేవి దీన్ని కుష్ఠు రోగుల కోసం నెలకొల్పారు. ఆ రోజుల్లో కుష్ఠు అంటే ఇంటి నుంచి, ఊరి నుంచి వెలి. వెలి అయినవారికి వీధే గతి. అటువంటివారికి అక్కడ వైద్యంతో పాటు ఆశ్రయం దొరికింది. మహారాష్ట్రలోని వరోరా దగ్గర బాబా ఆమ్టే స్థాపించిన ఆనంద్‌వన్ కూడా అటువంటి ప్రయత్నమే. అక్కడ కుష్ఠు సోకినవారు పొలాలు సాగు చేశారు, ఇళ్ళు కట్టారు. భిక్ష కన్నా పని గొప్పదని మనం నోటితో అంటాం. ముందు వైద్యం, తర్వాత నీడ, ఆ తర్వాత పని ఇచ్చినవారికే ఆ మాట అనే అర్హత ఉంది.

ఈనాడు ప్రభుత్వం వైపు నుంచి కొన్ని ఏర్పాట్లున్నాయి. నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండాలని 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెప్పాయి. భిక్షాటనలో ఉన్నవారి పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో 'స్మైల్' పథకాన్ని ప్రారంభించింది. హైదరాబాద్‌లో 2014 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2018లో మొదలై మధ్యలో ఆగి 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో, అయిదు రూపాయలకు భోజనం అందుబాటులోకి వచ్చింది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎనభై ఏళ్ళలోపు వారికి నెలకు 200 రూపాయలే అయినా, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో ఆ పింఛను మొత్తం 4,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణలో 2019లోనే 2,016 రూపాయలకు పెరిగింది.

అలాంటప్పుడు ఒక వృద్ధురాలు ఇంకా గుడి ముందు ఎందుకు కూర్చుంటుంది? చాలాసార్లు కారణం కాగితాలే. పింఛనుకు ఆధార్ కావాలి, చిరునామా కావాలి, వయసు రుజువు కావాలి. ఎవరో ఒకరు వెంట ఉండి కార్యాలయానికి తీసుకువెళ్ళాలి. పథకం ఉన్న చోటుకీ, ఆమె కూర్చున్న చోటుకీ మధ్య దూరం ఒక కిలోమీటరే కావచ్చు. ఆ కిలోమీటరు నడిపించే మనిషి లేడు. మీరు రోజూ వెళ్ళే దారిలో రోజూ కనిపించే మనిషి ఉంటే, నాణెం కన్నా విలువైనది మీ దగ్గర ఉంది. మీకు దరఖాస్తు నింపడం వచ్చు. వృద్ధుల సహాయం కోసం ఉన్న జాతీయ నంబరు 14567. ఆ నంబరుకు ఫోను చేయడం మీకు వచ్చు.

మీరు చేయగలిగింది

చివరగా ఆచరణకు పనికొచ్చే కొన్ని మాటలు.

కూడలిలో కాక ఇంట్లోనే నిర్ణయం తీసుకోండి. నెలకు ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టుకుంటే, అర నిమిషంలో మనిషి ముఖం చూసి తీర్పు చెప్పే బాధ తప్పుతుంది. ఇందులో కొంత చేతికి ఇవ్వడానికి, కొంత వైద్యం, ఆశ్రయం చూపే సంస్థలకు కేటాయించవచ్చు.

వాహనాలు కదులుతున్న కూడలిలో కిటికీలోంచి డబ్బు ఇవ్వకండి. తీసుకునేవారికి ప్రమాదం. పక్కకు ఆగి ఇవ్వండి.

డబ్బు బదులు తిండే ఇస్తానని కొందరు పట్టు పడతారు. మంచిదే. అయితే పండుగ రోజున గుడి ముందు కూర్చున్న మనిషికి పదిమంది పది పులిహోర పొట్లాలిస్తారు. అతనికి కావలసింది దగ్గు మందు కావచ్చు. వీలుంటే 'ఏం కావాలి?' అని అడగండి. ఆ ప్రశ్న అడిగించుకోవడం అతనికి అరుదుగా జరిగే విషయం.

ఇవ్వకూడదని నిర్ణయించుకుంటే, అది మీ హక్కు. కాని ముఖం చూసి 'లేదమ్మా', 'లేదయ్యా' అని చెప్పండి. కసురుకోనవసరం లేదు, ఉపన్యాసం అక్కర్లేదు. చేయి చాచిన మనిషి మన దగ్గర డబ్బు కోల్పోవచ్చు. మనిషిగా తనకున్న స్థానాన్ని కోల్పోనక్కరలేదు.

మనం చర్చించినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇంతే. ఎదుటి మనిషి నిజాయితీని కొలిచే సాధనం మన దగ్గర లేదు. మన దగ్గర ఉన్నది పొరపాట్ల ఖరీదును పోల్చి చూసే వివేకం మాత్రమే. పెద్దవారి విషయంలో మోసపోవడం చవక, కాదనడం ఖరీదు. పిల్లల విషయంలో నాణెం ఖరీదు, ఫోను చవక. ప్రభుత్వం విషయంలో నిర్బంధం అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు.

ఈ పాఠం చదివాక మీ కుటుంబంతో, మిత్రులతో రెండు ప్రశ్నలు చర్చించండి. మీ ఇంటికీ మీ కార్యాలయానికీ మధ్య రోజూ కనిపించే యాచకులు ఎందరు? వారిలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? మొదటి ప్రశ్నకు జవాబు సులభంగానే వస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే, రేపు వెళ్ళేటప్పుడు అడిగి తెలుసుకోవచ్చు.